తుపాను ఏడాది కరెంటు కోడి

మా నాన్నగారి పాత నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. నల్ల అట్ట, నీలం గీతల కాగితాలు. రేడియోలు బాగుచేయడానికి ఇచ్చినవాళ్ళ లెక్కలు రాసుకోవడానికి కొన్న పుస్తకం అది. అందులో మధ్య పేజీలనుంచి లెక్కలు ఆగిపోయి, తేదీలు, వేళలు, వాటి పక్కన వేడి అంకెలు మొదలవుతాయి. మొదటి తేదీ 1996 అక్టోబరు 26, ఆశ్వయుజ పున్నమి. ఆ రోజున నాన్నగారు తాను తయారుచేసిన ఇంక్యుబేటర్‌లో, అంటే పెట్ట లేకుండా గుడ్లు పొదిగే పెట్టెలో, 31 కోడిగుడ్లు పెట్టారు. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. ఇంటి వెనుక కొబ్బరితోట, దాని పక్కన పంటకాలువ, పెరట్లో మా మామ్మ కోళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో పొదుగు పని అంతా మామ్మదే. పెట్ట గుడ్లు పెట్టడం మానేసి, ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి వెళ్తే గుర్రుమంటూ గంప వదలకుండా కూర్చుంటే పొదుగుకు వచ్చినట్టు. అప్పుడు మామ్మ గంపలో ఊక పోసి, పైన ఎండుగడ్డి పరచి, పదకొండో పదమూడో గుడ్లు పెట్టేది. సంఖ్య ఎప్పుడూ బేసిగానే ఉండాలి. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంప అడుగున ఒక విరిగిన కొడవలి ముక్క, ఒక బొగ్గు ముక్క కూడా పెట్టేది. ఇరవై ఒక్క రోజుల తరువాత పెట్ట పిల్లలను దించితే, గంప దగ్గర చేరిన పిల్లలం మేమూ కీచుకీచుమనేవాళ్ళం.

ఆ సంవత్సరం వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. మెడలు వంకరపోయి, ఆకుపచ్చగా పారుతూ, నాలుగు రోజుల్లో పెరడంతా ఖాళీ అయింది. మామ్మకు ఎంతో ఇష్టమైన పొదుగు పెట్ట కూడా పోయింది. మిగిలినవి రెండే, అవి రెండూ పడుచు పెట్టలు, పొదుగంటే ఏమిటో తెలియనివి. మామ్మ రోజూ ఖాళీ గంప దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది. నాన్నగారికి ఇంక్యుబేటర్ ఆలోచన రావడానికి ఆ గంపే కారణమని నేను అనుకుంటాను, ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

మా ప్రాంతంలో అప్పుడు రొయ్యల చెరువులు జోరుగా ఉన్న రోజులు. రొయ్యలను ఐసులో సర్ది పంపే థర్మోకోల్ పెట్టె ఒకటి నాన్నగారు తెచ్చారు. అందులో రెండు నలభై వాట్ల బల్బులు, టేప్‌రికార్డర్ మోటారుకు రేకు రెక్కలు తొడిగి చేసిన చిన్న ఫ్యాను, నీళ్ళు పోయడానికి ఒక పళ్ళెం, గుడ్ల కింద తీగ జల్లెడ అమర్చారు. వేడిని అదుపు చేసేందుకు, వేడిని పసిగట్టే ఒక థర్మిస్టర్, 741 అనే ఒక ఐసీ చిప్పు, బల్బులకు స్విచ్చిలా పనిచేసే ఒక రిలేతో సర్క్యూట్ తానే కట్టారు. వేడి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటగానే రిలే టిక్కుమని బల్బులు ఆరిపోయేవి, కాస్త తగ్గగానే మళ్ళీ టిక్కుమని వెలిగేవి. ఖాళీ పెట్టెను వారం రోజులు నడిపి, బడినుంచి అడిగి తెచ్చిన థర్మామీటర్‌తో గంటగంటకూ చూసి, అంకె నిలబడిందని నమ్మకం కుదిరాకే గుడ్ల మాట ఎత్తారు.

గుడ్లు మా మేనత్త ఇంటినుంచి వచ్చాయి. వాళ్ళది కాట్రేనికోన వైపు. మామయ్యగారు జాతి కోళ్ళు పెంచడంలో పేరున్నవారు. డేగ, కాకి, సేతువ, పర్ల రంగులన్నీ ఆ పెరట్లో ఉండేవి. అత్తయ్య వారం రోజుల లోపలి గుడ్లనే ఏరి, ఊక నింపిన తట్టలో సన్నవైపు కిందికి ఉండేలా పేర్చి ఇచ్చింది. నాన్నగారు ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో ఒకవైపు గీత, రెండోవైపు సున్నా గీశారు. గీత పైకి ఉంటే ఒక పూట, సున్నా పైకి ఉంటే మరో పూట. చదువు రాని మామ్మ కూడా తిప్పగలగాలని అలా చేశారు. ఏ పెట్టదో తెలియడానికి పక్కన చిన్న అక్షరం కూడా ఉండేది, డేగకు 'డే', పర్లకు 'ప'.

మామ్మ ఆ పెట్టెకు 'కరెంటు కోడి' అని పేరు పెట్టింది. మొదటి రెండు రోజులు దాని దగ్గరికి రాలేదు. మూడో రోజు వచ్చి, మూత తీయించి, కొడవలి ముక్కను జల్లెడ మూలన పెట్టి వెళ్ళింది. నాన్నగారు దాన్ని తీయలేదు. పైగా ఆ ఇనుము వల్ల వేడిలో తేడా వస్తుందేమోనని థర్మామీటర్‌ను రెండో మూలకు జరిపి చూసి, తేడా లేదని పుస్తకంలో రాసుకున్నారు.

గుడ్లను రోజుకు ఐదుసార్లు తిప్పేవాళ్ళం. తిప్పకుండా వదిలేస్తే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుందని, ఐదు బేసి సంఖ్య కనుక ఏ గుడ్డూ వరుసగా రెండు రాత్రులు ఒకే వైపు పడుకోదని నాన్నగారు నాకు వివరంగా చెప్పారు. పుస్తకంలో ఆయన ప్రతి రోజుకూ ఐదు గళ్ళు గీశారు. బడికి వెళ్ళే ముందు ఒకటి, బడినుంచి వచ్చాక ఒకటి, నా చేతి గుర్తులు ఆ గళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

ఏడో రోజు రాత్రి, దీపాలన్నీ ఆర్పి, అట్టముక్కకు రూపాయి బిళ్ళంత చిల్లు చేసి, టార్చిలైటు వెలుగులో గుడ్లను ఒక్కొక్కటే చూశాం. నా జీవితంలో అంత ఆశ్చర్యం కలిగిన రాత్రులు ఎక్కువ లేవు. ఎర్రటి కాంతిలో సన్నని నరాలు సాలెపురుగు కాళ్ళలా విచ్చుకుని ఉన్నాయి, మధ్యలో ఒక నల్లని చుక్క ఊగుతోంది. గుండె రెండో రోజు చివరికే కొట్టుకోవడం మొదలుపెడుతుందని నాన్నగారు చెప్పినప్పుడు నేను నమ్మలేక నా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. ముప్ఫై సంవత్సరాలుగా కోళ్ళను పొదిగిస్తున్న మామ్మ గుడ్డు లోపలి ప్రాణాన్ని అంత స్పష్టంగా చూడడం అదే మొదలు. ఎండలో చెయ్యి అడ్డం పెట్టి చూసే అలవాటు ఆమెకు ఉండేది కాని, నరాలు ఎప్పుడూ కనిపించలేదట. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆ మర్నాటినుంచి తెల్లవారుజామున తిప్పే వంతు తనదేనంది. బీజం లేని గుడ్లు ఐదు తేలాయి. మిగిలినవి 26.

నవంబరు 6, బుధవారం. గుడ్లకు పదకొండో రోజు. పొద్దుటినుంచే ఆకాశం ఒక రకమైన పసుపు రంగులో ఉంది, గాలి విసురు విసురుగా వస్తోంది. మామ్మ 1977 దివిసీమ ఉప్పెన సంగతి తలచుకుని, మధ్యాహ్నానికే బియ్యం, అగ్గిపెట్టెలు, ఎండు కొబ్బరి డొక్కలు అటక మీదికి ఎక్కించింది. సాయంత్రానికి కరెంటు పోయింది. రిలే చప్పుడు ఆగిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇన్ని రోజులుగా ఆ టిక్కుటిక్కు వింటూనే నిద్రపోయేదాకా అలవాటైన చెవులకు, బయట అంత హోరులోనూ ఆ నిశ్శబ్దం వేరుగా తెలిసింది.

ఆ రాత్రి గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను కోనసీమను ఎంత దెబ్బ తీసిందో ఆ తరం వాళ్ళందరికీ తెలుసు. మా వీధిలో డాబా ఇళ్ళు రెండే ఉండేవి. పూరిళ్ళ వాళ్ళందరూ పిల్లాపాపలతో మా ఇంటికి వచ్చేశారు. తలుపులకు రోకళ్ళు, మంచాలు అడ్డం పెట్టి పెద్దవాళ్ళు వీపులు ఆనించి కూర్చున్నారు. కొబ్బరిచెట్లు కూలుతున్న చప్పుడు ఒకదాని తరువాత ఒకటి వినిపిస్తుంటే, మా తోటలో ఎన్ని మిగులుతాయో లెక్క పెట్టడం నాన్నగారు కాసేపటికి మానేశారు. తెల్లవారి చూస్తే తోటంతా ఒకే వైపుకు దువ్వినట్టు పడుకుని ఉంది. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం మీదికి వేటకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళ కోసం తీరం పల్లెల్లో ఎన్నో రోజులు ఎదురుచూశారు.

ఆ రాత్రి నాన్నగారు దుకాణంనుంచి తెచ్చి ఉంచిన పాత లారీ బ్యాటరీకి పెట్టెలో ఒక చిన్న బల్బు తగిలించారు. మర్నాడు మధ్యాహ్నానికి అది ఎర్రబడి, ఆరిపోయింది. కిరసనాయిలు దీపం పెడదామని మా అమ్మ అంది. ఇంటినిండా పసిపిల్లలు ఉన్నారు, ఉన్న కిరసనాయిలు వాళ్ళ దగ్గర దీపానికే చాలదు, దాన్ని గుడ్లకు ఖర్చుపెట్టడం తప్పని నాన్నగారు పెట్టె మూత మూసేశారు. ఇన్ని ఇళ్ళు కూలిన చోట గుడ్ల గురించి ఆలోచించడానికే ఆయన సిగ్గుపడుతున్నట్టు నాకు అనిపించింది. అప్పుడు మామ్మ, "పొయ్యి ఎలాగూ ఆరట్లేదు కదరా అబ్బాయ్, గంజితోపాటు నాలుగు చెంబుల నీళ్ళు కాగితే ఎవరి సొమ్ము పోతుంది?" అంది.

నిజమే, వీధి అంతటికీ మా ఇంట్లోనే గంజి కాగుతోంది. అటక మీది కొబ్బరి డొక్కలే వంటచెరకు. మామ్మ ఇత్తడి చెంబుల్లో వేడినీళ్ళు పోసి, మూతులు బిగించి, పాత చీర ముక్కలు చుట్టి, పెట్టె నాలుగు మూలల్లో పెట్టింది. బాణలిలో ఊకను వెచ్చజేసి చిన్న సంచుల్లో నింపి గుడ్ల చుట్టూ సర్దింది. రెండు గంటలకు ఒకసారి చెంబులు మార్చాలి. రాత్రుళ్ళు వంతులు వేసుకున్నాం. తన ఇల్లు పూర్తిగా కొట్టుకుపోయిన ఒక అక్క, ఒళ్ళో ఆరు నెలల బిడ్డ ఉన్న మనిషి, నిద్ర ఎలాగూ పట్టడం లేదని చెప్పి రెండో జాము వంతు తాను తీసుకుంది. గీత, సున్నా గుర్తులు ఆమెకు నేనే చూపించాను.

నాన్నగారి పుస్తకంలో ఆ రోజుల అంకెలు చూస్తే భయం వేస్తుంది. 101, 94, 98, ఒక తెల్లవారుజామున 88. థర్మామీటర్ చూడడానికి వెలుగు లేని రాత్రుళ్ళలో మామ్మ ఒక గుడ్డు తీసి తన మూసిన కనురెప్ప మీద ఆనించుకునేది. వెచ్చగా హాయిగా ఉంటే సరే, చల్లగా తోస్తే చెంబు మార్చాలి, చురుక్కుమంటే మూత కాస్త తెరవాలి. ఈజిప్టులో వేల సంవత్సరాలుగా మట్టి కొలుముల్లో మంట వేడితో కోడిగుడ్లు పొదిగించేవారని, ఆ పనివాళ్ళు థర్మామీటర్ లేకుండా గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసేవారని నేను పెద్దయ్యాక చదివాను. చదివిన ఆ క్షణంలో పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా మామ్మకు ఈజిప్టు అనే దేశం ఉన్నదని కూడా తెలియదు.

మూడో రోజున అత్తయ్య ఊరినుంచి ఒకాయన సైకిలు మోసుకుంటూ, తోసుకుంటూ వచ్చి కబురు చెప్పాడు. అందరూ బడి భవనంలోకి వెళ్ళి బతికారు. ఇంటి పైకప్పు లేదు. కోళ్ళు నలభై పైచిలుకు ఉండేవి, ఒక్కటీ మిగలలేదు. ఆ మాట విన్న తరువాత నాన్నగారు లోపలికి వెళ్ళి, పెట్టె ముందు కూర్చుని, టార్చిలైటులో మిగిలిన సెల్లు బలం ఖర్చుచేసి గుడ్లన్నిటినీ మళ్ళీ చూశారు. ఎనిమిదింట్లో నరాలు మాసిపోయి, కదలిక లేదు. పద్దెనిమిదింట్లో ఉంది. 'ప' అక్షరం ఉన్న గుడ్లను ఒకటికి రెండుసార్లు చూశారు, మామయ్యగారికి ఆ పర్ల పెట్ట అంటే ప్రాణం. ఆ తరువాత కొబ్బరి డొక్కల లెక్క ఆయనే చూసుకున్నారు, చెంబుల వంతు ఒక్కటి కూడా తప్పలేదు.

దీపావళి 10వ తేదీన వచ్చింది. మా వీధిలో ఎవరూ టపాకాయల ఊసు ఎత్తలేదు. మామ్మ గుమ్మంలో ఒక ప్రమిద, పెట్టె పక్కన ఒక ప్రమిద పెట్టింది. అప్పటికి నాన్నగారు ఒక మార్పు గమనించారు. చెంబులు చల్లారాక కూడా పెట్టె మునుపటికన్నా ఎక్కువసేపు వెచ్చగా ఉంటోంది. లోపలి పిల్లలు పెద్దవవుతున్నకొద్దీ తమ ఒంటి వేడి తామే పుట్టించుకుంటాయని, పక్కపక్కన ఉన్న గుడ్లు ఒకదాన్నొకటి కాచుకుంటాయని ఆయన చెప్పారు. ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. పద్దెనిమిదో రోజున తిప్పడం ఆపేసి, తేమ పెరగడానికి తడిగుడ్డ పరిచాం. పెంకు పొర ఎండిపోతే పిల్ల తిరగలేక అందులోనే ఇరుక్కుపోతుంది.

ఇరవై ఒకటో రోజు గడిచింది. చప్పుడు లేదు. ఇరవై రెండో రోజు కూడా గడిచింది. మా అమ్మ, పెట్టె ఖాళీ చేసి ఆ పాత చీరలు ఉతికి పక్కింటి బాలింతకు ఇద్దామంది. నాన్నగారు అవునని అనలేదు, కాదని అనలేదు. చల్లబడిన గంటలన్నీ పిల్ల ఎదుగుదలను వెనక్కు లాగుతాయి కనుక ఆలస్యం కావచ్చునని ఆయనకు తెలుసు, కాని అది ఆలస్యమో మరణమో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? మామ్మ మాత్రం చెంబులు మారుస్తూనే ఉంది. ఆ రాత్రి ఆమె పెట్టెకు చెవి ఆనించి, చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. లోపలినుంచి, దూరంగా ఎవరో పిలుస్తున్నట్టు సన్నగా కీచుమని ఒక్క గొంతు వినిపించింది.

మర్నాడు నవంబరు 18, కార్తీక సోమవారం. మామ్మ ఉపవాసం ఉంది. తెల్లవారేసరికి 'ప' గుడ్డు పెంకు మీద నక్షత్రంలా ఒక పగులు. పిల్ల ముక్కు కొనమీద ఉండే చిన్న తెల్లటి బొడిపెతో లోపలినుంచి పొడుస్తుంది, పొడిచి గంటలకు గంటలు విశ్రాంతి తీసుకుంటుంది, మళ్ళీ పొడుస్తూ పెంకు చుట్టూ తిరుగుతుంది. ఆ విశ్రాంతి సమయంలోనే పెంకు పొర మీది నెత్తురు లోపలికి ఇంకుతుంది, పచ్చసొన పొట్టలోకి వెళ్తుంది. అందుకే తొందరపడి చెయ్యి పెట్టకూడదని నాన్నగారు నాకు నాలుగుసార్లు చెప్పారు. మధ్యాహ్నం ఆయన వీధిలో పడిన స్తంభం దగ్గరికి వెళ్ళినప్పుడు, ఒక గుడ్డులోని పిల్ల చాలాసేపటినుంచి కదలడం లేదని నాకు భయం వేసి, గోటితో పెంకు కొద్దిగా ఒలిచాను. సన్నగా నెత్తురు వచ్చింది. ఆగలేదు. సాయంత్రానికి ఆ పిల్ల చనిపోయింది. నన్ను ఎవరూ కోప్పడలేదు. మామ్మ దాన్ని మందారచెట్టు మొదట్లో పాతి, నా చేతులు తానే కడిగింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ వేళ్ళ కొసన ఆ తడి నాకు తెలుస్తుంది.

'ప' గుడ్డు పిల్ల చీకటి పడుతుండగా బయటికి వచ్చింది. తడిసి, అలసి, మెడ నిలబెట్టలేక చెంబుకు చుట్టిన చీర మీద వాలిపోయింది. మామ్మ బయటికి వెళ్ళి నక్షత్రాలు చూసి వచ్చింది కాని, విస్తరి ముందు కూర్చోలేదు. పిల్ల ఒళ్ళు ఆరి, బూరులా పొంగి, రెండు కాళ్ళ మీద నిలబడేదాకా చూసి, అప్పుడు భోజనం చేసింది. మర్నాటి రాత్రికి మొత్తం పదకొండు పిల్లలు లేచాయి. ఆరు గుడ్లు విచ్చుకోలేదు. వాటిని నాన్నగారు మరో రెండు రోజులు ఉంచి, ఆ తరువాతనే తీశారు.

మొదటి రోజు వాటికి మేత అవసరం లేదు, పొట్టలోకి చేరిన పచ్చసొనే చాలు. ఆ తరువాత మెత్తటి నూకలు, గంజి నీళ్ళు. కరెంటు ఇంకా రాలేదు కనుక మామ్మ పాత గంపలో అవే చెంబులు పెట్టి పిల్లలను పడుకోబెట్టాం. మా ఇంట్లో తలదాచుకున్న పిల్లలందరూ ఆ గంప చుట్టూ చేరేవారు. పెద్దవాళ్ళు కూడా వచ్చి కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళేవారు. పశువుల డాక్టరుగారు ఆ దారిన వచ్చినప్పుడు నాన్నగారు అడిగి మరీ కొక్కెర తెగులు చుక్కలు వాటి కళ్ళలో వేయించారు.

సంక్రాంతి వెళ్ళాక నాన్నగారు ఆరు పిల్లలను బుట్టలో పెట్టుకుని అత్తయ్యకు ఇచ్చి రావడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఇంటికి అప్పటికి తాటాకు కప్పు మాత్రమే పడింది. అత్తయ్య బుట్ట తెరిచి, రంగులు చూసి, "ఇది నా పర్లదే" అంది. ఆ తరువాత మాట పెగలక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్యగారు ఆ పిల్లను చేతిలోకి తీసుకుని, కాళ్ళు, రెక్కలు, ముక్కు చాలాసేపు చూసి, వంగి కింద పెట్టారు.

మా దగ్గర మిగిలినవాటిలో ఒక డేగ పెట్ట మరుసటి సంవత్సరం జ్యేష్ఠంలో గుడ్లు పెట్టి పొదుగుకు వచ్చింది. కరెంటు కోడినుంచి పుట్టినదానికి పొదుగు తెలుస్తుందా అని వీధిలో కొందరు అనుమానపడ్డారు. ఏ పెట్ట రెక్కల కిందా పెరగని ఆ పెట్ట గంపలో కూర్చుని రెక్కలు విప్పి గుడ్లన్నిటినీ కప్పుకోవడం చూసి మామ్మ కొడవలి ముక్కను పెట్టెలోంచి తీసి గంప అడుగుకు మార్చింది. ఆ రాత్రి నాన్నగారు వరండా దీపం ఆర్పేసి, లాంతరు ఒత్తి బాగా తగ్గించి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గంపకు కాస్త దూరంగా కూర్చున్నారు. పెట్ట మధ్యమధ్య కొద్దిగా లేచి, ముక్కుతో గుడ్లను తనవైపు లాక్కుని, తిప్పి, మళ్ళీ సర్దుకునేది. ఆయన గడియారం చూసి రాసుకునేవారు.

ఆ పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. మా కరెంటు కోడి కోసం గీసుకున్నట్టే ఐదు గళ్ళు గీసి మొదలుపెట్టారు. అర్ధరాత్రి దాటిన కాసేపటికే ఐదూ నిండిపోయాయి. ఆ తరువాతి వేళలను ఆయన పేజీ అంచున, చేత్తో గీసిన చిన్నచిన్న గళ్ళలో, కింది దాకా రాసుకుంటూ వెళ్ళారు.